రాడ్డు మేస్త్రి చెవి

మా బావకి ఒక పేరుంది గానీ అది కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనబడదు. అందరికీ ఆయన రాడ్డు మేస్త్రి. ఇంజన్లు విప్పి బిగించేవాళ్ళు మా వైపు చాలామందే ఉన్నారు. వాళ్ళంతా తాము విప్పిన కనెక్టింగ్ రాడ్లు గోనెసంచిలో వేసుకుని మా బావ షెడ్డుకి వచ్చి, ఇవి మళ్ళీ వేయొచ్చా, పారేయాలా అని అడుగుతారు. ఆయన వేయమంటే వేస్తారు, పారేయమంటే మారు మాట్లాడకుండా పారేస్తారు. నేను ముప్పై రెండేళ్ళు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దాను. నా మాటకి ఒక్క రచయిత కూడా అంత విలువ ఇవ్వలేదు. అందుకని ఆయనంటే నాకు కాస్త అసూయ ఉండేదని ముందే ఒప్పుకుంటున్నాను.

కార్ల గురించి తెలియనివాళ్ళకి (నేనూ ఆ బాపతే) ఒక ముక్క చెప్పాలి. ఇంజన్లో పిస్టన్ పైకీ కిందికీ ఆడుతుంది. కింద క్రాంక్ గుండ్రంగా తిరుగుతుంది. ఈ రెంటినీ కలిపే జానెడు ఉక్కు చేయి పేరు కనెక్టింగ్ రాడ్డు. పై చివర చిన్న కన్ను, కింది చివర పెద్ద కన్ను, పెద్ద కన్నుని పట్టి ఉంచడానికి రెండు బోల్టులు. కారు పరుగు మీద ఉంటే నిమిషానికి కొన్నివేల సార్లు దాన్ని పైనున్న పిస్టన్ తోస్తుంది, మళ్ళీ లాగుతుంది. అది విరిగిందంటే ఇంజన్ గోడకి కన్నం పొడుచుకుని బయటికి వస్తుంది. కొండ మలుపులో అలా జరిగితే కారులో ఉన్నవాళ్ళ గతి ఏమిటో విడమరిచి చెప్పనక్కర్లేదు.

బావ పరీక్ష చూడ్డానికి చాలా తేలిక. షెడ్డు దూలానికి ఒక ఇనప తీగ వేలాడుతుంటుంది, దాని చివర కొక్కెం. రాడ్డుని కడిగి, తుడిచి, చిన్న కన్ను కొక్కేనికి తగిలిస్తాడు. అది ఊగడం మానేదాకా ఆగుతాడు. చిన్న సుత్తితో నడుము మీద ఒకే ఒక్క దెబ్బ. మంచి రాడ్డయితే సన్నగా, చాలాసేపు మోగుతుంది. లోపల వెంట్రుకవాసి బీట ఉన్నా ఆ మోత సగంలో చచ్చిపోతుంది. తర్వాత తూకాలూ కొలతలూ బోలెడుంటాయి గానీ, ముందు ఈ దెబ్బ దాటాలి. దాటిన రాడ్డు మీద సుద్దముక్కతో ఒక గీత గీస్తాడు. ఆ గీత ఉంటే ఇంక ఎవరూ ప్రశ్న వేయరు.

షెడ్డు పైనే వాళ్ళ కాపురం. ఇరవై రెండు మెట్లు ఎక్కితే రెండు గదులు, ఒక వంటిల్లు. మా అక్క ముప్పై నాలుగేళ్ళుగా ఆ వంటింట్లో నిలబడి, కాళ్ళ కింద గచ్చులోంచి ఆ మోతలు వింటూనే వంట చేసింది. మిగతా వేళల్లో వీధి చివరి దర్జీ కొట్టుకి చొక్కాల కాజాలు కుట్టిపెట్టేది. మూడేళ్ళ కిందట ఒకరోజు ఆ చొక్కాల బుట్ట పట్టుకుని మెట్లు దిగి వచ్చి, షెడ్డులో కొక్కేనికి ఎదురుగా ఒక ఎత్తుపీట వేసుకుని కూర్చుంది. ఆ రోజు నుంచీ అదే ఆమె చోటు.

నేను ఊరుకుంటానా? కాపురానికి వచ్చిన కొత్తలో లేని మోజు ఇప్పుడేమిటే అని ఏడిపించాను. పైన ఉక్కగా ఉంటోందిరా, కింద గాలొస్తుంది అంది. పైన రెండు కిటికీలు, కింద రేకుల కప్పు, కొలిమి, పాత నూనె కంపు. ఆ మాటలో ఎంత నిజముందో గమనించాల్సినవాణ్ణి, నా వృత్తే అది. గమనించలేదు. ఇంకోటి కూడా చూశాను. ఆమె సూదిలో దారం అయిపోతే, మళ్ళీ ఎక్కించేదాకా ఆయన సుత్తి ఎత్తి పట్టుకుని అలాగే నిలబడేవాడు. భార్యంటే ఎంత మర్యాదో అనుకుని, ఇంటికి వెళ్ళి మా ఆవిడకి చెప్పి, అనవసరంగా ఇరుక్కున్నాను.

ఆయనతో నాకొక గొడవ కూడా ఉంది. రెండేళ్ళ కిందట షెడ్డు గుమ్మంలో నిలబడి మూడుసార్లు పిలిచాను. తల తిప్పలేదు. అంత గర్వమైతే నాకూ ఉందని నెల రోజులు ఆయనతో మాట్లాడలేదు. నెల తర్వాత, ఏమోయ్ ఈమధ్య నల్లపూసవైపోయావు అని ఆయనే భుజం తట్టాడు. నేను అలిగిన సంగతే ఆయనకి తెలియలేదు. అలక అంతకన్నా దండగ ఇంకెవరికీ అయ్యుండదు.

వాళ్ళకి ఒక్కతే కూతురు. మా మేనకోడలు పళ్ళ డాక్టరు. కొండ అవతలి ఊళ్ళో ఆసుపత్రి. వెళ్ళడం నలభై నిమిషాలు, రావడం నలభై నిమిషాలు, మధ్యలో మలుపుల మీద మలుపులు. చిన్నప్పుడు హోంవర్కు కూడా షెడ్డులోనే చేసిన పిల్ల. పళ్ళు చదివినా చేతులు మాత్రం ఇంజన్ నూనెలోనే ఉంటాయి. ఎక్కడో మూలనపడ్డ రెండు తలుపుల కారు ఒకటి సంపాదించి, దానికి టర్బో పెట్టి ఐదు వందల హార్సుపవరు చేస్తానని బయల్దేరింది. పన్ను పీకడానికి అన్ని గుర్రాలెందుకే అని అడిగాను. పీకడానికి కాదు మామయ్యా, పీకి ఇంటికి రావడానికి అంది. సరదాకి వారం చివర బయటికి తీసే బండి కాదది. రోజూ ఉద్యోగానికి ఆ కొండ మీద నడపాల్సిన బండి.

టర్బో ఏది, పిస్టన్ ఏది అన్నవి వారంలో తేలిపోయాయి. రాడ్ల దగ్గర నెల రోజులు పట్టింది. వంటింటి బల్ల మీద కాగితాలు పరుచుకుని తండ్రీకూతుళ్ళు వాదించుకుంటుంటే, అక్క కాఫీ గ్లాసులు ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తో పట్టుకుని నిలబడేది. ఇంజన్‌తో పాటు వచ్చిన రాడ్లు నూట యాభై గుర్రాలకి చేసినవి, వాటి మీద ఇంత బరువు పెడితే పాపం తగులుతుందని బావ మొదటి రోజే తోసిపుచ్చాడు. ఆమెకి అల్యూమినియం రాడ్ల మీద మోజు. చాలా తేలిక, పందేల కుర్రాళ్ళంతా అవే వేస్తున్నారని. ఆయన ఒప్పుకోలేదు. పందెం బండి నాలుగు పరుగులు తీశాక ఇంజన్ విప్పి రాడ్లు మారుస్తారు, నువ్వు రోజూ సాయంత్రం విప్పుతావా అన్నాడు. అల్యూమినియం అలిసిపోతుంది, ఎప్పుడు అలిసిందో చెప్పదు, రోజూ నడిపే బండికి సాగగొట్టిన గట్టి ఉక్కే కావాలన్నాడు.

ఆ తర్వాత ఆయన చెప్పిన మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"తోసేటప్పుడు ఏ రాడ్డూ అంత తొందరగా విరగదమ్మా. లాగేటప్పుడు విరుగుతుంది. పైకి దూసుకెళ్ళిన పిస్టన్ని ఆపి వెనక్కి లాక్కురావాలి చూడు, అక్కడ. ఆ బరువంతా మోసేది కిందున్న రెండు బోల్టులు. కొనేటప్పుడు అందరూ రాడ్డు చూస్తారు. నువ్వు బోల్టు చూడు."

అలా సాగగొట్టిన ఉక్కు రాడ్లు, అడ్డంగా కోస్తే హెచ్ ఆకారంలో ఉండేవి, మంచి బోల్టులతో కావాలని తేలింది. కొత్తవి తెప్పిస్తే మూడు నెలలు. అన్నాళ్ళూ ఆమె రెండు బస్సులు మారి వెళ్ళాలి. అంతలో ఎక్కడో ఒకాయన తన ఇంజన్ విప్పి, సరిగ్గా అలాంటివే నాలుగు రాడ్లు అమ్మకానికి పెట్టాడు. శనివారం లోపు ఉంచుకుంటారో తిప్పి పంపుతారో చెప్పమన్నాడు. బోల్టులు ఎలాగూ కొత్తవి వేస్తాం, రాడ్లు బాగుంటే చాలు, బాగున్నాయో లేదో నాన్న వింటాడు అని మా మేనకోడలు ధీమాగా తెప్పించేసింది.

సరిగ్గా ఆ సమయంలో మా అక్క షెడ్డులో లేదు. మోకాలికి ఆపరేషనైంది. ఇరవై రెండు మెట్లు ఎక్కలేదు గనక నెల రోజులు మా ఇంట్లో ఉంచుకున్నాం. మాది కింది వాటా. ఆమె వచ్చిన మర్నాడే బావ షెడ్డు తలుపుకి 'లేతు మిషను రిపేరు' అని అట్టముక్క తగిలించి, వచ్చినవాళ్ళ సంచులు వచ్చినట్టే తిప్పి పంపడం మొదలుపెట్టాడు. నేను భోజనం క్యారేజీ పట్టుకెళ్ళినప్పుడు చూస్తే లేతు మిషను శుభ్రంగా తిరుగుతోంది. ఇదేమిటి బావా అంటే వినిపించుకోలేదు. పనికి బద్ధకం, పెళ్ళాం లేదని దిగులు, రెండూ కలిశాయనుకున్నాను.

పదో రోజు, శుక్రవారం పొద్దున, క్యారేజీతో వెళ్ళేసరికి మా మేనకోడలు సెలవు పెట్టి షెడ్డులో ఉంది. నాలుగు రాడ్లు బల్ల మీద వరసగా ఉన్నాయి. బావ వాటిని కడుగుతున్నాడు. అంతసేపు కడగడం నేనెప్పుడూ చూడలేదు. కడిగినవే కడిగాడు, తుడిచినవే తుడిచాడు. ఆమె వాచీ చూసుకుని, నాన్నా ఇంక కానీ అని పెద్దగా అంది.

మొదటి రాడ్డు తగిలించాడు. కొట్టాడు. అది మోగింది. ఆయన దానివైపు చూడలేదు, ఎదురుగా ఖాళీగా ఉన్న ఎత్తుపీట వైపు చూశాడు. పది రోజులకే ఇంత విరహమా బావా అని నవ్వాను. నా మాట గాలికి పోయింది. రెండోది కొట్టి మళ్ళీ పీటవైపే చూశాడు.

మూడోది కొట్టాడు. నాకు రాడ్ల గురించి ఓనమాలు తెలియవు. అయినా ఆ మోత నాకే తేడాగా వినబడింది. మొదటి రెండూ పాడాయి, ఇది దగ్గింది. ఆయన మళ్ళీ కొట్టాడు, మళ్ళీ దగ్గింది. రెండు వేళ్ళు దాని నడుముకి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. కళ్ళు తెరిచి పీటవైపు చూశాడు, తర్వాత కూతురివైపు చూశాడు. ఆమె చేతులు కట్టుకుని, ఏడేళ్ళప్పుడు ఆ చోటే నిలబడి చూసిన చూపే చూస్తోంది. మా నాన్నకి తెలియనిది లేదన్న చూపు. ఆయన సుద్దముక్క తీసి మూడో రాడ్డు మీద గీత గీశాడు. నాలుగోది కొడితే మళ్ళీ పాడింది, దాని మీదా గీశాడు.

నేను నోరు తెరిచి మూసుకున్నాను. నలభై ఏళ్ళ అనుభవమున్న మేస్త్రికి ప్రూఫులు దిద్దేవాడు చెప్పడమేమిటి, పాడేవాటితో పాటు దగ్గేవి కూడా పనికొస్తాయేమో అని సర్దిచెప్పుకున్నాను. ఎక్కడ అక్కర్లేదో అక్కడ నోరు పారేసుకుని, అక్కరైన చోట మర్యాద పాటించాను.

ఇంటికొచ్చి, అన్నం తింటూ అక్కకి ఇదంతా వేళాకోళంగా చెప్పాను. మీ ఆయన నీ పీట చూసుకుంటూ సుత్తి కొడుతున్నాడన్నాను. ఆమె నవ్వలేదు. మూడు పాడాయి, ఒకటి దగ్గింది అనగానే తినడం ఆపేసింది.

"దగ్గినదాని మీద గీత గీశారా?"

గీశాడన్నాను. ఆమె చేయి కడుక్కుని చెప్పులు తెమ్మంది. డాక్టరు చెప్పిన రోజులు ఇంకా కాలేదని మా ఆవిడ గోల పెట్టింది. అక్క చెవిన వేసుకోలేదు. చొక్కాల బుట్ట ఒళ్ళో పెట్టుకుని, అద్దె కారు పిలిపించి, నన్ను పక్కన కూర్చోపెట్టుకుంది. దారిలో కిటికీలోంచి బయటికి చూస్తూ, నెమ్మదిగా, ఇన్నాళ్ళూ నా కళ్ళ ముందే ఉన్న సంగతి నాకు చెప్పింది.

మూడేళ్ళ కిందట కాఫీ పట్టుకుని కిందికి దిగినప్పుడు ఆయన ఒక రాడ్డు కొట్టి, బాగుందని గీత గీయబోయాడట. ఆమెకి అది మంచి మోత కాదని తెలిసిపోయింది, ముప్పై ఏళ్ళ పైగా గచ్చులోంచి వింటున్నదే కదా. అనుకోకుండా, అయ్యో ఇదేమిటి ఇలా పలికింది అందట. ఆయన ఆమె మొహంలోకి చూసి, సుద్దముక్క కింద పెట్టేశాడట. సన్నటి మోతలు ఆయనకి ఎప్పటినుంచో వినబడటం లేదు. నలభై ఏళ్ళు సుత్తుల మధ్య, గ్రైండర్ల మధ్య బతికిన చెవి. ఆ రాత్రి ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు. మర్నాడు ఆమె చొక్కాల బుట్టతో కిందికి దిగింది. మోత బాగుంటే కుట్టుకుంటూ పోతుంది, బాగాలేకపోతే సూది ఆపుతుంది. అలా అని ఒప్పందమేమీ లేదు. ఆయన సూది చూడటం నేర్చుకున్నాడు, అంతే.

మూడేళ్ళలో ఒక్కసారైనా మాట్లాడుకోలేదా అని అడిగాను.

"ఏమని మాట్లాడను? చెవుడొచ్చిందని ఆయనకి నేను చెప్పాలా?" అంది. "పెళ్ళైన కొత్తలో నా మాట వినేవారు కాదు. ఇప్పుడు వినాలనుకుంటారు, వినబడదు" అని నవ్వబోయి కళ్ళు తుడుచుకుంది.

షెడ్డు తలుపు మీది అట్టముక్క అప్పుడు గుర్తొచ్చింది. పది రోజులుగా ఆయన ఊరందరి సంచులూ తిప్పి పంపేశాడు. సూది లేకుండా ఒక్క రాడ్డు మీద కూడా గీత గీయలేదు. తిప్పి పంపలేకపోయింది కూతుర్నొక్కదాన్నే. గుమ్మంలో నిలబడి మూడుసార్లు పిలిచి అలిగి వెళ్ళిపోయిన రోజు కూడా గుర్తొచ్చింది. నా మీద నాకు చాలా కోపం వచ్చింది.

మేం వెళ్ళేసరికి మా మేనకోడలు రాడ్లు తూకం వేస్తోంది. అమ్మని చూసి అదిరిపడి, ఎవరు తీసుకురమ్మన్నారని నన్ను కేకలేసింది. అక్క ఏమీ జరగనట్టు వెళ్ళి, కాలు చాపుకుని, తన పీట మీద కూర్చుంది. ఇంట్లో తోచడం లేదే, మోతలు వినాలనిపించింది, ఏదీ ఇంకొక్కసారి కొట్టమను నాన్నని అంది. చొక్కా తీసి, సూదిలో దారం ఎక్కించుకుంది. బావ ఆమెని చూశాడు. ఆయన భుజాలు దిగిన తీరు చూస్తే, పొద్దుటి నుంచీ ఏదో బరువు ఎత్తి పట్టుకునే ఉన్నాడని తెలిసింది.

మొదటిది కొట్టాడు. సూది నడిచింది. రెండోది. నడిచింది. మూడోది కొట్టాడు. సూది గుడ్డలో సగం దిగి ఆగిపోయింది. అక్క తల ఎత్తలేదు.

అక్కడితో అయిపోవాల్సింది. ఎందుకో అనుమానంగా ఉంది, ఇది వద్దు అని ఒక్క మాట అంటే చాలు, ఆయన పరువు ఆయన దగ్గరే ఉండేది. అక్క అంత దూరం కుంటుకుంటూ వచ్చింది అందుకే. ఆయన సుత్తి బల్ల మీద పెట్టాడు. గుడ్డ తీసుకుని మూడో రాడ్డు మీది సుద్దగీత తుడిచేశాడు.

"ఇది పనికిరాదమ్మా. పొద్దున గీత గీసింది నేనే. నాకు వినబడలేదు. మూడేళ్ళ నుంచీ వినబడటం లేదు. వింటున్నది మీ అమ్మ."

ఇప్పుడవన్నీ ఎందుకండీ అని అక్క గొణిగింది. ఆయనకది వినబడలేదు గానీ పెదాలు చూసి పోల్చుకున్నట్టున్నాడు.

"నువ్వు లేని రోజు ఇంకోటి గీస్తాను" అన్నాడు ఆమెతో. "ఇవాళ గీశాను. మన పిల్ల బండికి గీశాను."

అంత పెద్దమనిషి ఏడవడం నేనెప్పుడూ చూడలేదు, అప్పుడూ చూడలేదు, ఎందుకంటే నాకే కళ్ళు మసకేశాయి. మా మేనకోడలు వెళ్ళి తండ్రి మొహం రెండు చేతులతో పట్టుకుని, ఆసుపత్రిలో రోగిని తిప్పినట్టు దీపం వైపు తిప్పి, ఒక చెవీ ఇంకో చెవీ చూసింది. లోపల ఏం కనబడుతుంది? కనబడేదైతే ఇన్నాళ్ళు దాగేదా.

"రోజూ అందరి నోళ్ళూ చూస్తాను నాన్నా. ఇంట్లో నీ చెవి చూడలేదు" అంది, పెదాలు కనబడేలా నెమ్మదిగా. ఆయన ఆమె తల మీద చేయి వేశాడు. నూనె అంటుతుందని ఎవరూ అనలేదు.

అక్క సూది అబద్ధమాడదని మా అందరికీ తెలుసు. అయినా మేనకోడలు డాక్టరు కదా, పన్ను పైకి ఎంత బాగున్నా ఎక్స్‌రే తీయకుండా నమ్మదు. నాలుగు రాడ్లనూ అయస్కాంతంతో బీటలు చూసే కార్ఖానాకి తీసుకెళ్ళింది. మూడో రాడ్డులో, బోల్టు కూర్చునే చోటుకి కాస్త పైన, గోటి అంచంత బీట బయటపడింది. లాగేటప్పుడు బరువు పడే చోటే. ఇంకెన్నాళ్ళు ఆగేదని ఆమె అక్కడి మనిషిని అడిగిందట. మామూలు ఇంజన్లో అయితే కొన్నేళ్ళు ఆగొచ్చు, ఐదు వందల గుర్రాలైతే మొదటి ఎండాకాలం దాటదు అన్నాడట. ఈ మాట ఆమె తండ్రికి చెప్పలేదు. నాకు చెప్పింది. నేనూ ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

నాలుగు రాడ్లూ తిప్పి పంపేసి కొత్తవి ఆర్డరు పెట్టింది. అదే ఉక్కు, అదే హెచ్ ఆకారం, దొరికినవాటిలో అన్నిటికన్నా గట్టి బోల్టులు. మూడు నెలలు రెండు బస్సులు మారుతూ వెళ్ళింది. ఆలోగా తండ్రి చెవికి మిషను పెట్టించింది. దానితో మాటలు వస్తున్నాయి, మోతలు రావడం లేదన్నాడు. ఆ సన్నటి మోతని ఏ మిషనూ తెచ్చివ్వలేదని డాక్టర్లు చెప్పారు. ఆయన తలుపు మీది అట్టముక్క పీకేసి, వచ్చినవాళ్ళకి నిజం చెప్పేశాడు: కొట్టేది నేను, వినేది ఆమె, ఇష్టమైతే సంచి దింపండి. ఒక్కరు కూడా సంచి వెనక్కి తీసుకెళ్ళలేదు. మోకాలు నయమై అక్క పీటకి తిరిగొచ్చిన రోజు గుమ్మం ముందు వరస కట్టారు. మేస్త్రమ్మగారు ఉన్నారా అని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారని బావ నాతో సణిగాడు. అసూయ ఎలా ఉంటుందో ఆయనకీ తెలిసిందని సంతోషించాను.

కొత్త రాడ్లు వచ్చాయి. పుట్టుక నుంచీ పరీక్షలన్నీ చేసిన కాగితాలు వాటితో పాటే ఉన్నాయి. అయినా బావ నాలుగింటినీ కొక్కేనికి తగిలించి కొట్టాడు, సూది నాలుగుసార్లూ ఆగకుండా నడిచింది. బోల్టులు మాత్రం కూతురి చేతే బిగింపించాడు. బిగించినప్పుడు బోల్టు ఎంత సాగిందో ఒక్కొక్కటీ కొలిచి, తనకి వినబడేలా గట్టిగా చదవమన్నాడు. ఆమె గొంతు వీధి చివరి దర్జీ కొట్టు దాకా వినబడింది.

ఇంజన్ కుదురుకునేదాకా కొన్ని వారాలు చుట్టుపక్కల వీధుల్లోనే నడిపి, ఒక సోమవారం పొద్దున ఆమె మొదటిసారి ఆ కారులో కొండ దాటి ఉద్యోగానికి బయల్దేరింది. మేం ముగ్గురం మెట్ల మీద కూర్చున్నాం. అక్క పై మెట్టు మీద చొక్కా కుడుతోంది. బావ కింది మెట్టు మీద, కొండకి వీపు పెట్టి, ఆమెకి ఎదురుగా కూర్చున్నాడు. కారు వీధి మలుపు తిరిగి కొండ ఎక్కడం మొదలుపెట్టింది. ఆ మోత గంభీరంగా ఉంది, ఒప్పుకోవాలి. మొదటి మలుపులో వినబడింది. రెండో మలుపులో సన్నబడింది. తర్వాత ఒక గాలి వీచింది, పక్కింట్లో ఎవరో కుళాయి తిప్పారు, ఇంక నాకేమీ వినబడలేదు.

బావ సూదినే చూస్తున్నాడు. సూది నడుస్తోంది.

పది నిమిషాలైంది. కారు కొండ అవతలికి దిగి ఉంటుంది. అక్కడి నుంచి ఫిరంగి పేల్చినా మాకు వినబడదు. అక్క తల వంచుకుని కుడుతూనే ఉంది, ఆయన రెప్ప వేయకుండా చూస్తూనే ఉన్నాడు. ఇరవై నిమిషాలైంది. ఇదేమిటే, మధ్యలో కొండ ఉంది కదా అందామని నోరు తెరిచాను. అప్పుడు ఆమె చేతుల వైపు చూశాను. సూదిలో దారం లేదు. ఎప్పుడో అయిపోయింది. ఉట్టి సూదే గుడ్డలోకి దిగుతోంది, పైకి వస్తోంది, మళ్ళీ దిగుతోంది. దారం ఎక్కించుకోవాలంటే సూది ఆపాలి. నేను నోరు మూసుకున్నాను.

నలభై నిమిషాలు దాటాక ఫోన్ మోగింది. చేరానమ్మా, నాన్నకి చెప్పు అని మా మేనకోడలి గొంతు. చేరిందట అని అక్క గట్టిగా చెప్పింది. బావ తలాడించి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి, షెడ్డులోకి వెళ్ళి, ఎవరిదో రాడ్డు కడగడం మొదలుపెట్టాడు.

అక్క సూది నాకిచ్చి, కళ్ళు ఆనడం లేదురా, కాస్త దారం ఎక్కించి పెట్టు అంది.